"కేసు నా మీద పడుతుంది": గ్రూపు అడ్మిన్ల భయం ఎక్కడ మొదలైంది?

విశాఖలో మధురవాడ, పీఎం పాలెం వైపు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో పాత గొడవ మళ్లీ రాజుకుంది. వాటర్ ట్యాంకర్ల లెక్కలు అడిగినవాళ్లను గ్రూపులోంచి తీసేస్తున్నారు. అడ్మిన్లు చెప్పే కారణం ఒక్కటే: "ఎవరేం పెట్టినా రేపు కేసు నా మీద పడుతుంది."

ఆన్‌లైన్‌లో రాసిన మాటలకు కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసిన సంగతి అందరికీ తెలుసు. అడ్మిన్ల భయం మాత్రం అక్కడితో పోలేదు. 2017లో వారణాసి అధికారులు, గ్రూపులో పుకార్లు వస్తే అడ్మిన్ మీద కూడా ఎఫ్ఐఆర్ పెడతామన్నారు. మన విశాఖకు పుకారు ఎంత పని చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరిన్ విషవాయువు లీకై 12 మంది చనిపోయారు. మళ్లీ లీకైందన్న కబురు ఆ రాత్రే పాకి, జనం పిల్లాపాపలతో రోడ్డెక్కారు. అదే నెలలో, ఈ దుర్ఘటనపై ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు పెట్టిన ఒక గుంటూరు మహిళకు సీఐడీ నోటీసు ఇచ్చింది. పుకారు వేరు, ప్రశ్న వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టడం అప్పుడే అలవాటైపోయింది.

అసలు మలుపు 2021 మార్చిలో వచ్చింది. దాన్ని మన అడ్మిన్లు పట్టించుకున్నట్టు లేదు. మహారాష్ట్ర గోందియా జిల్లాలో ఒక గ్రూపు సభ్యుడు తోటి సభ్యురాలిని బూతులు తిట్టాడు. అడ్మిన్ అతన్ని తీసెయ్యలేదు, క్షమాపణ చెప్పమని కూడా అనలేదు. ఆమె ఇద్దరి మీదా కేసు పెట్టింది. ఆమె బాధ న్యాయమైనదే. కానీ బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ అడ్మిన్‌పై కేసు కొట్టేసింది. సభ్యుల్ని చేర్చుకోవడం, తీసెయ్యడం తప్ప అడ్మిన్‌కు వేరే అధికారం లేదనీ, ఎవరేం రాస్తారో ముందే ఆపలేడనీ, ఇద్దరూ కూడబలుక్కుని చేస్తే తప్ప ఒకరి మాటకు మరొకరు బాధ్యులు కారనీ చెప్పింది. 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టూ అదే దారిలో నడిచింది. ఇవి మన హైకోర్టు తీర్పులు కావు, నిజమే. అయినా "కేసు నా మీద పడుతుంది" అన్న మాటకు ఇప్పుడు పెద్దగా బలం లేదు.

"ఇది ప్రైవేటు గ్రూపు, మా ఇష్టం" అనేది రెండో వాదన. నలుగురు స్నేహితులు పెట్టుకున్న గ్రూపైతే ఆ మాట ఒప్పుకోవచ్చు. నీళ్లు ఎప్పుడొస్తాయో, లిఫ్ట్ ఎప్పుడు ఆపుతారో, జనరల్ బాడీ మీటింగ్ ఎన్నింటికో చెప్పేది ఆ ఒక్క గ్రూపే అయినప్పుడు, మెయింటెనెన్స్ కట్టే మనిషిని అందులోంచి తోసెయ్యడం అతని నోరు నొక్కడమే.

అలాగని సభ్యులకు పగ్గాలు లేవని కాదు. మూసి ఉన్న గ్రూపులో రాసినా పరువునష్టం పరువునష్టమే, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ వర్తిస్తుంది. ఆధారం లేకుండా ట్రెజరర్ డబ్బు తిన్నాడని రాస్తే రాసినవాడే జవాబు చెప్పుకోవాలి. ట్యాంకర్ బిల్లు చూపించమని అడగడం ఆ కోవలోకి రాదు. అసోసియేషన్ ఆ బిల్లును గ్రూపులో పెడితే, ఎవరినీ తీసెయ్యాల్సిన అవసరమే రాదు.