ముత్తాతది ఏ ఊరు? పాత రికార్డుల్లో ఊరి పేర్లపై అపోహలు - వాస్తవాలు

డర్బన్ నుంచి ఫోన్ చేసేవాళ్లయినా, అరండల్‌పేట నుంచి స్కూటర్ మీద వచ్చేవాళ్లయినా అడిగేది ఒకటే: "మా ముత్తాతది ఏ ఊరండీ?" చేతిలో వాట్సాప్ ఫొటో ఉంటుంది. అందులో నోరు తిరగని స్పెల్లింగులో ఓ ఊరి పేరు. గుంటూరులో కూర్చుని అలాంటి పేర్లు విడదీయడమే నా పని. పేరు అర్థం కాక ఆగిపోయేవాళ్లు తక్కువ. అర్థమైపోయిందనుకుని వేరే ఊరికి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చేవాళ్లే ఎక్కువ.

అపోహ: "కిస్ట్నా జిల్లా అని రాసుంది కాబట్టి ఊరు కృష్ణా జిల్లాలోనే ఉండాలి."

వాస్తవం: ముందు కాగితం మీద ఏ సంవత్సరం ఉందో చూడండి. పాత గుంటూరు జిల్లాను 1859లో ఎత్తేసి బందరు వైపు ప్రాంతంతో కలిపి కృష్ణా జిల్లా చేశారు. మళ్లీ గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. మధ్యలో 45 ఏళ్లు బాపట్ల, నరసరావుపేట, వినుకొండ, పల్నాడు అన్నీ కృష్ణా జిల్లా తాలూకాలే. దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు మనవాళ్లు కూలి ఒప్పందాల మీద ఓడలెక్కింది 1860 నుంచి 1911 వరకు. లెక్క వేసుకోండి, ఆ ఓడల జాబితాల్లో 'కిస్ట్నా' అని ఉన్న మనిషి ఊరు మాచర్ల పక్కన ఉండే అవకాశం ఎంతుందో! వారసులేమో బెజవాడలో హోటల్ గది తీసుకుని గుడివాడ, నూజివీడు చుట్టూ తిరుగుతుంటారు.

ఒంగోలుదీ ఇదే కథ. 1904 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత గుంటూరు, 1970 నుంచి ఇప్పుడు మనం ప్రకాశం అంటున్న జిల్లా. ఏలూరు మొదట గోదావరి జిల్లాలో ఉండి, 1904లో కృష్ణాలోకి వచ్చి, 1925లో పశ్చిమ గోదావరికి వెళ్లింది. 2022లో జిల్లాలను మళ్లీ విడగొట్టాక బాపట్ల, పల్నాడు, ఎన్టీఆర్, ఏలూరు పేర్లతో కొత్త హద్దులు వచ్చాయి. ఇంకో తిరకాసు పరిటాల. నందిగామ దగ్గర, చుట్టూ బ్రిటిష్ కృష్ణా జిల్లా ఉన్నా అది నైజాం ఏలుబడిలోని ఊరు. బ్రిటిష్ జిల్లా రికార్డుల్లో పరిటాల దొరకలేదని బాధపడేవాళ్లు హైదరాబాదు వైపు చూడాలి.

అందుకే నేను జిల్లా గడి కంటే ముందు తాలూకా గడి చదువుతాను. ఆ హద్దులూ మారాయి, కాకపోతే జిల్లాలంత తరచుగా కాదు. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి కాబట్టి 1961, 1971 జనాభా లెక్కల జిల్లా పుస్తకాల్లో తాలూకాల వారీగా ఉన్న గ్రామాల పట్టికే నాకు పంచాంగం.

అపోహ: "స్పెల్లింగ్ సరిగ్గా కలిస్తేనే మన ఊరు."

వాస్తవం: ఎల్లోర్ అంటే ఏలూరు, కొండపిల్లి అంటే కొండపల్లి, మసులిపటం అంటే బందరు. పెద్ద ఊళ్లకే ఈ గతి పడితే, నలభై గడపల పాలేనికి స్పెల్లింగ్ న్యాయం ఎక్కడ జరుగుతుంది? ముత్తాత నోటితో చెప్పాడు, గుమస్తా చెవితో విన్నాడు. ఆ గుమస్తా తమిళుడైతే క, గ లకు అతని లిపిలో ఒకటే అక్షరం. ట, డ లకూ అంతే. ఆ కాగితాన్ని తర్వాత ఇంకెవరో కంప్యూటర్లో కొట్టారు. గొలుసుకట్టు ఇంగ్లీషు రాతలో రెండు 'ఎల్'లు రెండు 'టీ'ల్లా కనిపిస్తే మన 'పల్లి' కాస్తా తమిళ ఊళ్ల పేర్ల చివర ఉండే 'పట్టి' అయి కూర్చుంటుంది, వారసులు తమిళనాడు రైలెక్కుతారు. పేరును పైకి చదవండి, నాలుగైదు రకాలుగా. చివర పాడా, పూడా, పర్రా అని తేలితే సగం పని అయినట్టే. మిగతా సగాన్ని ఆ తాలూకా పట్టికలో వెతకాలి.

అపోహ: "గూగుల్ మ్యాప్‌లో ఆ పేరు కనిపించింది, ఇంకేం కావాలి?"

వాస్తవం: ఎన్ని కనిపించాయో చూశారా? పాత కాగితంలో ఒట్టి 'కాకాని' అని ఉంటే అది పెదకాకానా, మంగళగిరి పక్క చినకాకానా? వడ్లపూడికీ పెద, చిన ఉన్నాయి, ఆవుటపల్లికీ ఉన్నాయి. కొత్తపాలేల సంగతి సరేసరి. పైగా రెవెన్యూ రికార్డుకు తెలిసింది రెవెన్యూ గ్రామమే. శివారు పాలెంలో పుట్టినవాడి పేరు పక్కన కూడా పెద్ద ఊరి పేరే పడుతుంది. మ్యాప్‌లో అసలు లేని ఊళ్లూ ఉన్నాయి, పల్నాడులో నాగార్జునకొండ లోయ పల్లెలు సాగర్ నీళ్ల కింద ఉన్నాయి.

అపోహ: "మా ఇంటిపేరు ఊరి పేరే. అదే మా ఊరు."

వాస్తవం: చాలావరకు ఎప్పుడో ఒక తరంలో ఆ ఊరు వదిలాకే అది ఇంటిపేరైంది. ఊళ్లో ఉన్నవాడిని ఆ ఊరి పేరుతో పిలవరు కదా!

అపోహ: "రికార్డులో ఉన్నది పుట్టిన ఊరు."

వాస్తవం: ఇది చెబితే చాలామంది ముఖం చిన్నబుచ్చుకుంటారు. మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లో. కడుపుతో ఉన్న పిల్ల పురిటికి వెళ్లి బిడ్డను ఎత్తుకుని అత్తింటికి వస్తుంది. అంటే ముత్తాత ఇంటికి పెద్దకొడుకైతే అతను నేల మీద పడింది అమ్మమ్మగారి ఊళ్లో కావచ్చు. కానీ 'నీది ఏ ఊరు?' అని ఓడ ఎక్కేముందు కూలీలను ఉంచే డిపోలో అడిగితే ఎవరైనా తండ్రి ఊరే చెబుతారు, లేదా అప్పటికి బతుకుతున్న ఊరు చెబుతారు. గుమస్తా కూడా అడిగింది ఊరే, పురిటిల్లు కాదు. ముత్తాత తల్లి పుట్టిల్లు ఎవరికైనా గుర్తుందా అని నేను మొదటి రోజే అడుగుతాను. ముసలమ్మలు 'మా పెద్దమ్మను ఫలానా ఊళ్లో ఇచ్చారు' అంటూ సంబంధాల వరసలు చెబుతుంటే మగవాళ్లు లేచి వెళ్లిపోతుంటారు. నాకు పనికొచ్చేది ఆ మాటలే.

జనన రిజిస్టరు ఉంటుందిగా అంటారు. 1899 మద్రాసు చట్టం కింద గ్రామ మునసబు రాసిన రిజిస్టర్లు కొన్నిచోట్ల మిగిలాయి. వాటిలో 'మగ శిశువు' అని తండ్రి పేరు మాత్రమే ఉండి, బిడ్డ పేరు లేకపోతే కంగారు పడొద్దు. అప్పటికి ఇంకా బారసాల అయి ఉండదు. క్రైస్తవ కుటుంబాలకు బాప్తిస్మ పుస్తకాలు ఇంకో దారి. గుంటూరుకు లూథరన్ మిషనరీ హేయర్ వచ్చింది 1842లో, కాబట్టి చర్చి రాతలు మునసబు రాతల కంటే పాతవి కావచ్చు. ఇనాం భూములు (పన్ను లేకుండా లేదా తగ్గించి ఇచ్చినవి) ఉన్న కుటుంబాలైతే 1860 ప్రాంతపు ఇనాం రిజిస్టర్లు చూడాలి. అవి బ్రాహ్మణులవే అనుకోకండి. ఊరి చాకిరీ చేసినవాళ్ల సర్వీసు ఇనాములూ వాటిలో ఉంటాయి.

నాకు ఫొటో పంపేవాళ్లకు ఒక్క మనవి. మీ ముత్తాత ఉన్న వరుస మాత్రం కత్తిరించి పంపకండి, పేజీ మొత్తం పంపండి. ఒకే ఊరివాళ్లు కూడబలుక్కుని ఒకే ఓడ ఎక్కడం ఉండేది. మీ వరుసలో అలుక్కుపోయిన ఊరి పేరు రెండు వరుసల కింద, ఇంకొకరి పేరు పక్కన, కాస్త వేరే స్పెల్లింగులో స్పష్టంగా ఉండొచ్చు.