“గ్రూపులో పెట్టాం కదా!” - వడ్రంగుల యూనియన్ నడపడంలో అపోహలు, వాస్తవాలు

మాది గుంటూరు జిల్లా వైపు ఒక టౌన్‌లో వడ్రంగి పనివారల యూనియన్. నేను కార్యదర్శి పని చూస్తాను, పగలు మామూలుగా పనికి వెళ్తాను, ఒకప్పుడు ద్వారబంధాలు, తలుపులు, ఈమధ్య ఎక్కువగా ప్లైవుడ్ కబోర్డులే. చుట్టుపక్కల ఊళ్ళ యూనియన్ల వాళ్ళు ఎక్కడ కలిసినా ఒకటే పాట, “మావాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కదండీ, ఎవడూ పట్టించుకోడు” అని. నేనైతే ఒప్పుకోను. సంగతి సభ్యుడి చెవిన పడేసరికి నిర్ణయం అయిపోయి, సంతకాలు కూడా అయిపోయి ఉంటే ఇంక అతను పట్టించుకుని చేసేదేముంది చెప్పండి. అందుకే మన యూనియన్లలో బాగా తిరిగే కొన్ని మాటలు తీసుకుని, నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: వాట్సాప్ గ్రూపులో పెట్టేశాం, అందరికీ తెలిసిపోయినట్టే.

వాస్తవం: కట్టర్ తిరుగుతున్నప్పుడు ఎవడూ ఫోను చూడడు, చూడకూడదు కూడా. ఫోను టూల్ బ్యాగులో ఉంటుంది, చెక్కపొడి దూరి స్పీకరు సగం మూగబోయి ఉంటుంది. సాయంత్రం ఏడింటికి ఇంటికొచ్చి తీస్తే గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు, దేవుడి ఫోటోలు, ఎవరింట్లోనో పిల్లాడి బర్త్‌డే కేకు, సెకండ్ హ్యాండ్ రౌటర్ (చెక్కకి అంచులు తీసే మిషను) అమ్మకానికి ఉందని ఒకళ్ళు, వాటి మధ్యలో ఎక్కడో మనం పెట్టిన ఆరు పేజీల పీడీఎఫ్. చివరి తేదీ దాంట్లో నాలుగో పేజీలో ఉంటుంది. మెసేజ్ నొక్కిపట్టి ఇన్ఫో తీస్తే ఎవరెవరు చూశారో లిస్టు వస్తుంది నిజమే, కానీ ఆ లిస్టులో పేరుందంటే గ్రూపు తెరిచాడని మాత్రమే, చదివాడని కాదు.

పని చేసేవి ఏంటంటే, గ్రూపులు రెండు పెట్టండి. ఒకటి అడ్మిన్లు మాత్రమే రాసేది, అందులో వారానికి రెండు మూడు మెసేజీలు మించకూడదు. రెండోది కబుర్లకి, పువ్వులకి, రౌటర్లకి. మొదటి గ్రూపులో మెసేజ్ మొదలుపెట్టేటప్పుడు “యావన్మంది సభ్యులకు తెలియజేయడమేమనగా, కార్యవర్గ తీర్మానం మేరకు” అని రాశారా, అయిపోయింది, అక్కడితో వేలు పైకి జరుపుతాడు. ఇలా రాయండి: “15వ తేదీ లోపు సంక్షేమ బోర్డు కార్డు రెన్యువల్. ఆధార్, పాత కార్డు, బ్యాంకు పాస్‌బుక్ తెచ్చుకోండి. పొద్దున 8 నుంచి 9 దాకా ప్లైవుడ్ షాపు దగ్గర ఉంటాం.” అంతే. ఒక మెసేజ్‌లో ఒకటే సంగతి.

చదవడం కష్టమైన పెద్ద మేస్త్రీలకి వాయిస్ మెసేజ్ మంచిది, నిమిషం లోపు, అదీ అందరూ గౌరవించే మేస్త్రి గొంతుతో పెట్టిస్తే ఇంకా మంచిది. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపితే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి, మన నంబరు ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్ళకే అది వెళ్తుంది, మిగతావాళ్ళకి చేరదు. “నాకు రాలేదన్నా” అన్న ప్రతివాడూ అబద్ధం చెప్తున్నాడని అనుకోకండి.

అన్నిటికంటే గట్టిగా పనిచేసేది ప్లైవుడ్ షాపు బోర్డు. నవ్వొచ్చినా నిజం. కీప్యాడ్ ఫోను ఉన్నాయన అయినా, అసలు ఫోనే తేనాయన అయినా, మేకులకో ఫెవికాల్‌కో కీలులకో పొద్దున్నే ఆ షాపుకి రాక తప్పదు. బ్లేడ్లు సాన పట్టే షాపు కూడా అంతే. అక్కడ తెల్ల బోర్డు ఒకటి తగిలించి, మార్కర్ పెన్నుతో రెండు లైన్లు రాయండి, వారం వారం తుడిచి మార్చండి (మార్చకపోతే నెలకే అది గోడలో కలిసిపోతుంది, ఎవడి కంటికీ ఆనదు). షాపాయన కాదనడు లెండి, ఆయన వ్యాపారం మన చేతుల మీదుగానే నడిచేది.

అపోహ: మీటింగుకి రానివాడికి యూనియన్ మీద ఇంట్రెస్ట్ లేదు.

వాస్తవం: ముందు మీటింగు ఎలా పెడుతున్నామో చూసుకుందాం. మా వైపు అమావాస్య సెలవు, తాపీ పనికీ వడ్రంగి పనికీ ఆరోజు ఎవరూ రారు, కాబట్టి నెల మీటింగు అమావాస్య రోజే పెట్టడం మొదట్నుంచీ ఉన్న పద్ధతి, మంచి పద్ధతే. కాకపోతే అపార్ట్‌మెంట్లలో ఇంటీరియర్ పనులు చేసే కుర్రాళ్ళకి అమావాస్య లేదు, ఆదివారమే సెలవు, ఒక్కోసారి అదీ లేదు. హైదరాబాద్‌కో బెంగుళూరుకో పనికి వెళ్ళినవాళ్ళు పండక్కి తప్ప కనపడరు. వీళ్ళని మీటింగు రిజిస్టరులో గైర్హాజరు రాసి వదిలేస్తే యూనియన్‌లో సగం పోయినట్టే. వాళ్ళుండే సైటు దగ్గరికే సాయంత్రం టీ టైములో వెళ్ళి పదిహేను నిమిషాలు మాట్లాడి రండి, అది కూడా మీటింగే.

ఇంకోటి, వచ్చినవాళ్ళని ఏం చేస్తున్నాం? పదింటికి రమ్మని పదకొండున్నరకి మొదలు, ముందు అతిథులకి శాలువాలు, తర్వాత ఒక్కొక్కరి ప్రసంగం, ప్రపంచ పరిస్థితి, దేశ పరిస్థితి, రాష్ట్ర పరిస్థితి, ఒంటిగంటన్నరకి “ఇప్పుడు కూలి రేట్ల విషయం” అనేసరికి సగం కుర్చీలు ఖాళీ. వాళ్ళు వచ్చిందే దానికోసం కదండీ. రేటు ముందు పెట్టండి, శాలువాలు తర్వాత.

రేటు సంగతి కొంచెం వివరంగా చెప్తాను ఎందుకంటే సభ్యుల్ని కలుపుకోవడం అంటే ఏంటో ఇక్కడే తెలుస్తుంది. రోజు కూలి ఎంత పెంచాలి, కబోర్డులకి స్క్వేర్ ఫీట్ రేటు ఎంత, ఇది ఐదుగురు కూర్చుని తేల్చి కరపత్రం కొట్టించి పంచితే ఏమవుతుందో అందరికీ తెలుసు, వారం తిరక్కుండా ఎవరో ఒకరు యాభయ్యో వందో తగ్గించి పని పట్టేస్తారు, అడిగితే “నన్నెవడు అడిగాడు” అంటాడు. అడగలేదు, నిజమే. అందుకని ఒక అమావాస్యకి ప్రతిపాదన మాత్రమే చెప్పండి, ప్లైవుడ్ షాపు బోర్డు మీద కూడా రాయండి. నెల రోజులు దాని మీద కొట్టుకోనివ్వండి, టీ కొట్టు దగ్గర తిట్టుకోనివ్వండి. రోజు కూలికెళ్ళేవాళ్ళ లెక్క వేరు, గుత్తకి తీసుకునే మేస్త్రీల లెక్క వేరు, హెల్పర్లది ఇంకా వేరు, ఈ మూడు గొంతులూ బయటికి రావాలి. రాలేనివాళ్ళకి వాట్సాప్‌లో పోల్ పెట్టండి. రెండో అమావాస్యకి చేతులెత్తించి తేల్చండి. ఆ తర్వాతే కరపత్రం, అదీ ఫలానా తేదీ నుంచి అమలు అని ముందుగా ఇంటి ఓనర్లకి, కాంట్రాక్టర్లకి తెలిసేలాగా. రెండు నెలలు పడుతుంది, పట్టనివ్వండి. తను చెయ్యెత్తిన రేటుని తనే తగ్గించడానికి మనిషికి కొంచెం సిగ్గేస్తుంది.

అపోహ: లెక్కలు అందరి ముందు చెప్తే గొడవలు, కార్యవర్గం చూసుకుంటే చాలు.

వాస్తవం: చెప్పకపోతేనే గొడవలు. రిజిస్టరైన యూనియన్ లెక్కల పుస్తకాలు, సభ్యుల జాబితా చూసే హక్కు సభ్యుడికి 1926 ట్రేడ్ యూనియన్ చట్టం నుంచీ ఉంది, మనం దయతలిచి చూపించేది కాదు. అదే చట్టంలో 2001 సవరణ తర్వాత అసంఘటిత రంగం యూనియన్లకి కనీస చందా ఏడాదికి 3 రూపాయలు అని ఉండేది. మనం తీసుకునేది అంతకి ఎన్నో రెట్లు, కాబట్టి అడిగేవాడికి అడిగే హక్కు కూడా అన్ని రెట్లు ఉందనుకోండి. ఒక్క పేజీ చాలు. చందా ఎంత వచ్చింది, మే డే జెండాకి, మైకుకి ఎంత, లేబర్ ఆఫీసుకి తిరిగిన ఆటో చార్జీలు ఎంత, చనిపోయిన సభ్యుడి కుటుంబానికి ఎంత ఇచ్చాం, చేతిలో ఎంత, బ్యాంకులో ఎంత. “ఇతర ఖర్చులు” అనే లైను మాత్రం ఉంచకండి, అనుమానమంతా వచ్చి చేరేది ఆ లైనులోనే.

అపోహ: కార్డు ఒకటుంటే చాలు, అన్నీ వస్తాయి.

వాస్తవం: మావాళ్ళ జేబుల్లో నాలుగు కార్డులుంటాయి, దేనికేదో తెలీదు, తప్పు వాళ్ళది కాదు, విడమర్చి చెప్పినవాళ్ళు లేరు.

యూనియన్ కార్డు అంటే మన సంఘంలో సభ్యత్వం, దానితో ప్రభుత్వం నుంచి ఏమీ రాదు. ఈ-శ్రమ్ కార్డు 2021 ఆగస్టులో మొదలైంది, అసంఘటిత కార్మికుల జాబితాలో మన పేరు ఎక్కిందని, 12 అంకెల నంబరు ఉంటుంది. అది తీసుకున్నాం కదా అని భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు వదిలేసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, రెండూ వేర్వేరు. బోర్డు 1996 చట్టం కింద వచ్చింది, కట్టే భవనం ఖర్చు మీద వసూలు చేసే 1 శాతం సెస్సుతో నడుస్తుంది, 18 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. ఆ చట్టం ప్రకారం ఏడాది పాటు వరసగా చందా కట్టకపోతే లబ్ధిదారు హోదా పోయేది, అసలు దెబ్బ ఇక్కడే తగిలేది. కార్డు బీరువాలో భద్రంగా ఉండేది, అవసరం పడి తీసేనాటికి అది ఉత్త అట్టముక్క.

పీఎం విశ్వకర్మ ఇంకోటి, చేతివృత్తుల వాళ్ళకి కేంద్రం పెట్టిన పథకం. 2023 సెప్టెంబరు 17న మొదలైంది, 18 వృత్తుల్లో వడ్రంగి ఒకటి. “15 వేలు అకౌంట్లో పడతాయి” అని ప్రచారం, పడవు, అది పనిముట్లు కొనుక్కోడానికి ఇచ్చే ఈ-వోచర్. ట్రైనింగులో రోజుకి 500 స్టైపెండ్ ఇస్తారు. లోను మొదటి విడత లక్ష దాకా, అది సరిగ్గా కడితే రెండో విడత 2 లక్షల దాకా, 5 శాతం వడ్డీకి. కుటుంబానికి ఒక్కరికే. పెళ్ళికాని అన్నదమ్ములు ఒకే రేషన్ కార్డులో ఉండి ఇద్దరూ పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం ఎందుకు, ఇది ముందే చెప్తే రెండు పనిదినాలు మిగులుతాయి.

2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల బదులు కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి పాత బోర్డు కార్డులు చెల్లవని కూడా ఫార్వర్డులు తిరుగుతున్నాయి. బోర్డులూ, సెస్సూ కొత్త కోడ్‌లో కూడా ఉన్నాయండీ. కంగారుపడి రెన్యువల్ మానేయకండి.

దీనికి యూనియన్ చేయాల్సింది ఉపన్యాసం కాదు, ఒక నోటుబుక్కు. సభ్యుడి పేరు, బోర్డు కార్డు నంబరు, రెన్యువల్ తేదీ, నామినీ పేరు. తేదీకి నెల ముందు ఫోను. ఫోను అతనికే కాదు, ఇంట్లో భార్యకి కూడా చేయండి, ఎందుకంటే రేపు ఏదన్నా జరగరానిది జరిగితే ఆఫీసు మెట్లెక్కేది ఆవిడే. కార్డు ఎక్కడుందో, ఎవరికి ఫోన్ చేయాలో, నామినీ కింద ఎవరి పేరుందో (పెళ్ళికి ముందు రాయించిన అమ్మ పేరే ఇంకా ఉన్న కేసులు చాలా చూశాం) ఆవిడకి తెలియాలి. మన మెసేజీలన్నీ మగవాళ్ళ ఫోన్లలోనే తిరుగుతాయి, ఇది పెద్ద లోటు.

అపోహ: ఈ కాలం కుర్రాళ్ళు యూనియన్‌కి రారు.

వాస్తవం: వాళ్ళని “వడ్రంగులారా రండి” అని పిలిస్తే తిరిగి చూడరు, వాళ్ళ లెక్కలో వాళ్ళు మాడ్యులర్ ఫిట్టర్లు. చెక్కని చెక్కే బాడిస పట్టి ఎరగరు, నునుపు చేసే చిత్రిక అంటే తాతల నాటి మాట. కానీ స్క్వేర్ ఫీట్‌కి రేటు ఎంత కోస్తున్నారో, బిల్లు ఎన్నాళ్ళు ఆపుతున్నారో అడగండి, గంట సేపు చెప్తారు. రేట్ల షీటు తయారుచేసే పని వాళ్ళకే ఇవ్వండి, ఫోనులో చక్కగా చేసి పెడతారు. జెండా మోయడానికి, కుర్చీలు వేయడానికి మాత్రమే పిలిస్తే రెండోసారి రారు, నేనైనా రాను.

అపోహ: హిందీవాళ్ళు మన రేటు చెడగొడతారు, వాళ్ళకి మన సంగతులు ఎందుకు.

వాస్తవం: మన రేటు ఎంతో తెలీనివాడే తక్కువకి ఒప్పుకుంటాడు. రాజస్థాన్ నుంచో యూపీ నుంచో వచ్చిన కుర్రాడికి ఇక్కడ రేటెంతో కాంట్రాక్టరు చెప్పడు కదా, మనమే చెప్పాలి. అమెరికా వడ్రంగుల యూనియన్ కథ చూడండి, 1881లో పీటర్ మెక్‌గ్వైర్ అనే కార్పెంటరు ముందు పత్రిక పెట్టి ఊరూరా పంపాడు, ఆ పిలుపు మీద ఆగస్టులో చికాగోలో సభ జరిగి యూనియన్ పుట్టింది. అంటే సంఘం కంటే ముందు సమాచారమే పుట్టింది. వలస వచ్చిన జర్మన్ కార్పెంటర్ల కోసం ఆ పత్రికలో జర్మన్ భాషలో కూడా వేసేవాళ్ళు. మనకి పత్రిక దాకా ఎందుకు, బోర్డు మీద తెలుగు లైను కింద హిందీలో ఒక లైను రాయించండి, ఆ కుర్రాళ్ళలోనే ఒకడు రాసిపెడతాడు.

అపోహ: పని అయ్యాక చెప్దాం, అవ్వకముందు చెప్తే పరువు పోతుంది.

వాస్తవం: ఇది మనలాంటి ఆఫీస్ బేరర్ల జబ్బు. ఒక ఓనరు పని చేయించుకుని డబ్బు ఎగ్గొడితే, బాకీ తీర్చేదాకా ఆ ఇంట్లో ఇంకెవరూ పని ముట్టుకోకూడదని మనకి కట్టుబాటు ఉంది. అది నిలబడాలంటే ఏ ఇల్లో, ఎంత బాకీనో, ఎంతవరకు వచ్చిందో అందరికీ ఎప్పటికప్పుడు తెలియాలి, తెలియకపోతే పక్క వీధి మేస్త్రి పాపం ఏమీ ఎరక్కుండా వెళ్ళి ఆ పనే ఒప్పుకుంటాడు, తర్వాత అతన్ని తిడతాం. అందుకే వసూలు కాకపోయినా రాయండి: “ఫలానా వీధి బాకీ ఇంకా రాలేదు. ఓనరు సగం ఇస్తానంటున్నాడు, మన మేస్త్రి ఒప్పుకోలేదు. సోమవారం మళ్ళీ వెళ్తున్నాం, ఇద్దరు తోడు రావాలి, పొద్దున ఎనిమిదింటికి.” ఎవరొస్తారో చూడండి, మీటింగుకి ఎప్పుడూ రానివాళ్ళు కూడా దీనికొస్తారు.