ఎంత వేగంగా కోయాలి, ఆ లెక్క ఎక్కడ ఉండాలి

లేత్ మిషన్ మీద తిరిగే ఉక్కు కడ్డీకి టూల్‌ను ఆనిస్తే అది లోహాన్ని పొరలు పొరలుగా ఒలుస్తుంది. కడ్డీని ఎంత వేగంగా తిప్పాలి? మెల్లగా తిప్పితే పని తెమలదు. వేగం పెంచితే టూల్ అంచు వేడికి మెత్తబడి అరిగిపోతుంది, మాటిమాటికీ మిషన్ ఆపి సాన పట్టాలి. 19వ శతాబ్దం చివరి దాకా ఈ నిర్ణయం ప్రతి టర్నర్ చేతివాటానికే వదిలేసి ఉండేది. పక్క మిషన్ మీద ఇంకొకరు అదే ఉక్కును వేరే వేగంతో కోసేవారు. ఎవరి వేగం సరైనదో తేల్చే ఆధారం ఏదీ ఉండేది కాదు.

ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ స్టీల్ కర్మాగారంలో ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్ 1880లో ఈ ప్రశ్నను పట్టుకున్నాడు. ఆరు నెలల్లో తేలిపోతుందనుకున్న పనికి 26 ఏళ్లు పట్టింది. దాదాపు 8 లక్షల పౌండ్ల ఇనుము, ఉక్కు ఈ పరీక్షల్లోనే తురుమైపోయాయి. రాసి పెట్టిన ప్రయోగాలు 30 వేలకు పైనే. లోహపు గట్టిదనం, టూల్‌లోని ఉక్కు, అంచు ఆకారం, కోత లోతు, ఫీడ్ (కడ్డీ ఒక చుట్టు తిరిగేలోపు టూల్ ముందుకు జరిగే దూరం), నీటి ధార వంటి పన్నెండు అంశాలు వేగాన్ని శాసిస్తాయని ఆయన తేల్చాడు. ఫలితాలను 1906లో అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ముందు ఉంచాడు. అప్పుడు ఆ సంఘానికి అధ్యక్షుడు ఆయనే.

ఈ కథలో అసలు విలన్ వేడి. టూల్ ముందు లోహం నలిగి జారేటప్పుడు కొంత వేడి పుడుతుంది. ఒలిచిన తురుము టూల్ ముఖం మీద రాసుకుంటూ పోయేటప్పుడు మరికొంత పుడుతుంది. ఎక్కువ వేగాల దగ్గర ఆ వేడిలో పెద్ద వాటా తురుముతోనే బయటికి పోతుంది. టూల్‌కు మిగిలేది చిన్న వాటాయే అయినా, అది చేరేది మిల్లీమీటరు వెడల్పు కూడా లేని అంచుకు. తురుము ఊడే చోట నేరుగా నీటి ధార పోస్తే వేగాన్ని 30 నుంచి 40 శాతం పెంచవచ్చని టేలర్ కనిపెట్టాడు. తర్వాత బెత్లెహెమ్ స్టీల్‌లో లోహ నిపుణుడు మాన్‌సెల్ వైట్‌తో కలిసి, టంగ్‌స్టన్, క్రోమియం కలిసిన ఉక్కును దాదాపు కరిగే స్థితి వరకు కాచి చల్లారిస్తే, అంచు ఎర్రగా కాలుతున్నా కోయగలదని చూపించాడు. అదే హైస్పీడ్ స్టీల్. 1900 పారిస్ ప్రదర్శనలో దాన్ని చూసిన ఇంజినీర్లు నివ్వెరపోయారు.

నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది ఆయన మిగిల్చిన చిన్న సూత్రం. టూల్ ఆయుష్షును ఒక ఘాతానికి ఎత్తి కోత వేగంతో గుణిస్తే వచ్చే విలువ మారదు. హైస్పీడ్ స్టీల్‌కు ఆ ఘాతం సుమారు 0.125, అంతకన్నా గట్టి టూల్ పదార్థమైన కార్బైడ్‌కు సుమారు 0.25. అంకెలు చిన్నవే, పర్యవసానం మాత్రం భయంకరం. హైస్పీడ్ స్టీల్ టూల్‌తో వేగం రెట్టింపు చేస్తే ఆయుష్షు 256వ వంతుకు పడిపోతుంది. కార్బైడ్‌తో వేగం కేవలం 20 శాతం పెంచినా ఆయుష్షు సగమవుతుంది.

అయితే మెల్లగా కోసి టూల్‌ను కాపాడుకోవడమే తెలివా? కాదు. టూల్ మార్చడానికి 2 నిమిషాలు పడుతుందనుకుందాం. గంటకు ఎక్కువ ముక్కలు రావడమే లక్ష్యమైతే, కార్బైడ్ అంచు 6 నిమిషాలకే అరిగిపోయేంత వేగంగా నడపాలని ఈ సూత్రం చెబుతుంది. ఖర్చు తగ్గించడం లక్ష్యమైతే లెక్క మారుతుంది. అంచు ఖరీదు 100 రూపాయలు, మిషన్ ఖర్చు నిమిషానికి 10 రూపాయలు అనుకుంటే, తగిన ఆయుష్షు 36 నిమిషాలు. మిషన్, టూల్, ఉక్కు మారకుండానే రెండు వేర్వేరు సమాధానాలు వచ్చాయి. పొదుపైన కోత అంటే ఏమిటో ముందు తేల్చుకోకుండా వేగం గురించి వాదించుకోవడం వృథా.

సూత్రం దొరికినా, పన్నెండు అంశాల లెక్కను టర్నర్ మిషన్ దగ్గర నిలబడి చేయలేడు. నార్వేలో పుట్టిన గణితజ్ఞుడు కార్ల్ బార్త్ దాన్ని స్లైడ్ రూల్‌గా, అంటే అంకెలు గీసిన జారే పట్టీల సాధనంగా మలిచాడు. పట్టీలు జరిపితే అర నిమిషం లోపే తగిన వేగం, ఫీడ్ తెలిసిపోయేవి. ఒక్కో మిషన్‌కు ఉన్న వేగాలను, లాగే శక్తిని బట్టి స్లైడ్ రూల్‌ను విడిగా తయారు చేసేవారు. 26 ఏళ్ల ప్రయోగాల సారాన్ని కోత జరిగే చోటికి చేర్చడం, అందులోనూ ఆ మిషన్‌కు అవసరమైన మేరకే చేర్చడం నా దృష్టిలో టేలర్ బృందం సాధించిన అతి ఆధునికమైన పని. దీనికి చీకటి కోణం కూడా ఉంది. కార్మికుడి నైపుణ్యాన్ని కొలిచి, దాన్ని యాజమాన్యం చేతిలో పెట్టడమూ ఈ పద్ధతిలో భాగమే. 1911లో అమెరికాలోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో అచ్చు పోసే కార్మికులు స్టాప్‌వాచ్ కొలతలను వ్యతిరేకిస్తూ సమ్మెకు దిగారు. వారి అభ్యంతరం న్యాయమైనదే.

కంప్యూటర్ ఆదేశాలతో నడిచే నేటి సీఎన్‌సీ మిషన్‌కు సెన్సర్లు ఉంటాయి కనుక ప్రతి కోతా ఒక ప్రయోగమే. మూడు దిశల్లో కంపనాన్ని సెకనుకు 25 వేల సార్లు కొలిచి, ఒక్కో కొలతను 2 బైట్లలో దాస్తే, 8 గంటల షిఫ్టుకు 4.3 గిగాబైట్లు అవుతుంది. 20 మిషన్లుంటే 86 గిగాబైట్లు. ఇదంతా దూరాన ఉన్న సర్వర్‌కు పంపి అక్కడే నిర్ణయాలు తీసుకుందామనే ఆలోచన వినడానికి బాగుంటుంది, కానీ భౌతికశాస్త్రం ఒప్పుకోదు. నిమిషానికి 6,000 సార్లు తిరిగే నాలుగు పళ్ల కట్టర్‌లో ప్రతి 2.5 మిల్లీసెకన్లకు ఒక పన్ను లోహాన్ని తాకుతుంది. దూరపు సర్వర్‌కు కబురు వెళ్లి రావడానికి 50 మిల్లీసెకన్లు పట్టిందంటే, విరిగిన పన్నుతో కట్టర్ అప్పటికే 5 చుట్లు తిరిగేసి ఉంటుంది. ఆపే నిర్ణయం మిషన్ పక్కనున్న కంప్యూటర్‌లోనే జరగాలి. పైకి పంపాల్సింది ఆ కోత మొత్తానికి సారంగా మిగిలే కొన్ని అంకెలే.

ఆ కొద్దిపాటి అంకెలైనా సరైన వరుసలో చేరాలి. సెన్సర్ కంప్యూటర్ గడియారం మిషన్ గడియారం కన్నా 4 సెకన్లు వెనకబడి ఉందనుకోండి. కొత్త టూల్ చేసిన మొదటి కోత పాత టూల్ ఖాతాలో పడుతుంది. అరిగిన టూల్ చివర్లో ఉన్నట్టుండి కుదుటపడినట్టు రికార్డు చెబుతుంది. వేర్వేరు కంప్యూటర్ల గడియారాలను గుడ్డిగా నమ్మకుండా, ఏ సంఘటన తర్వాత ఏది జరిగిందో సంఖ్యలతో గుర్తుపెట్టుకోవచ్చని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే చూపించాడు. మిషన్ల సమాచారం కోసం ఏర్పడిన ఎంటీకనెక్ట్ ప్రమాణం కూడా ప్రతి కొలతకూ ఒక వరుస సంఖ్య ఇస్తుంది. నెట్‌వర్క్ తెగి మళ్లీ కలిసినప్పుడు, చివరిగా అందిన సంఖ్య తర్వాతి నుంచి అడిగితే చాలు. ఈలోపు పాతవి చెరిగిపోయి ఉంటే ఆ సంగతి కూడా స్పష్టంగా తెలుస్తుంది.

నెట్‌వర్క్ తెగినప్పుడు ఏం చేయాలన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. అలాంటప్పుడు అన్ని చోట్లా ఒకే సమాచారం ఉండటం, అడిగిన వెంటనే జవాబు రావడం, ఈ రెండూ కలిపి దొరకవని కంప్యూటర్ శాస్త్రవేత్త ఎరిక్ బ్రూవర్ 2000లో ప్రతిపాదించగా, గిల్బర్ట్, లించ్ 2002లో నిరూపించారు. వర్క్‌షాపులో దీనికి ఒకే జవాబు సరిపోదు. టూల్ అరుగుదల అంకెలు ఆలస్యమైతే నష్టం లేదు, కోత ఆగకూడదు. మిషన్‌ను నడిపే ప్రోగ్రాం విషయం అలా కాదు. డ్రాయింగ్ మారి, పాత ప్రోగ్రాంతోనే విమాన భాగాన్ని కోస్తే ఖరీదైన టైటానియం దిమ్మ చెత్తబుట్ట పాలవుతుంది. అక్కడ సరైన ప్రతి ఏదో తేలేవరకు మిషన్‌ను ఆపి ఉంచడమే మేలు.

హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్నటువంటి చిన్న వర్క్‌షాపులకు మరో చిక్కు ఉంది. టూల్ ఆయుష్షును గట్టిగా అంచనా వేయడానికి ఒక్కరి దగ్గరున్న కోతలు చాలవు. రక్షణ రంగపు పని చేసేవారు తమ సమాచారాన్ని బయటికి ఇవ్వలేరు. ఫెడరేటెడ్ లెర్నింగ్ ఇక్కడ దారి చూపగలదు. ఎవరి కొలతలు వారి దగ్గరే ఉంటాయి, వాటి నుంచి నేర్చుకున్న గుణకాలు (టూల్ సూత్రంలోని ఘాతం వంటి అంకెలు) మాత్రమే కేంద్రానికి వెళ్లి కలుస్తాయి. గుణకాల నుంచి కూడా కొంత రహస్యం బయటపడవచ్చు కనుక అక్కడా జాగ్రత్త అవసరం. పాత లేత్ వణుకు వేరు, కొత్త మిషన్ బిగువు వేరు. అందుకే కలిపి తీసిన సగటును ఆరంభ విలువగా మాత్రమే వాడి, ఒక్కో మిషన్ తన మొదటి కొన్ని టూళ్ల అరుగుదలతో దాన్ని దిద్దుకోవాలి.