ఎండ అమ్మే అంగడి

తిరుపతిలో మే నెల మధ్యాహ్నం రెండింటికి రోడ్డెక్కినవాళ్ళకి ఎండ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. తారు మెత్తబడి చెప్పుకి అంటుకుంటుంది, స్కూటర్ సీటు మీద కూర్చోబోయి ఎగిరి లేస్తాం. ఇలాంటి ఊళ్ళో ఒక జంతువు ఎండ చాలక ఎముకలు మెత్తబడి జబ్బుపడిందంటే ఎవరైనా నవ్వుతారు. మా ఇంట్లోనే జరక్కపోయుంటే నేనూ నవ్వేవాణ్ణే.

అయిదేళ్ళ కిందట మా అక్క కూతురి పుట్టినరోజుకి ఊళ్ళోనే ఒక అక్వేరియం అంగట్లో తాబేలు పిల్లని కొన్నాను. రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దది, పచ్చటి డిప్ప, కళ్ళ వెనక ఎర్రటి గీత. రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు, అమెరికాలో మిసిసిపీ నది ప్రాంతం దాని పుట్టిల్లు. "ఇది ఇంతే ఉంటాది సార్, పెరగదు. రోజుకి నాలుగు గింజలేస్తే చాలు" అన్నాడు అంగడాయన. గుండ్రటి గాజు గిన్నె కూడా ఆయనే అంటగట్టాడు. ఎనిమిది నెలలు తిరిగేసరికి డిప్ప మీద వేలుపెట్టి నొక్కితే తడిసిన అట్టముక్కలా లోపలికి పోతోంది. పశువుల డాక్టరు తాబేలుని చేతిలోకి తీసుకుని, తిండి సంగతి అడక్కుండా ముందు ఇంకోటి అడిగారు: "ఎండ నేరుగా తగులుతుందా, అద్దంలోంచి తగులుతుందా?"

"రోజూ కిటికీ దగ్గరే పెడతాండాం కదా మామా!" అని పిల్ల నా మొహంలోకి చూసింది. అదే తప్పు.

ఎండలో మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలుంటాయి. వాటిలో 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉన్న ముక్కని యూవీబీ అంటారు. అది చర్మానికి తగిలితే, చర్మంలో ఉన్న ఒక కొవ్వు పదార్థం మారి విటమిన్ డి3కి ముందు రూపం తయారవుతుంది. ఆ ముందు రూపం అసలు డి3గా మారడానికి వెలుగు కాదు, ఒంటి వేడి కావాలి. అంటే రెండూ కావాలి, వెలుగూ వేడీ. ఆ డి3 కాలేయంలో, మూత్రపిండాల్లో ఇంకో రెండు మార్పులు చెంది, తిన్న తిండిలోని కాల్షియాన్ని పేగులు పీల్చుకునేలా చేస్తుంది. డి3 లేకపోతే ఎంత కాల్షియం తిన్నా చాలావరకు వచ్చిన దారినే బయటికి పోతుంది. రక్తంలో మాత్రం కాల్షియం తగ్గితే గుండె, కండరాలు నడవవు కాబట్టి ఒళ్ళు తన ఎముకల్నే కరిగించుకుంటుంది, జీతం పడని నెలలో ఎఫ్‌డీ పగలగొట్టుకున్నట్టు. తాబేలుకి డిప్ప మెత్తబడుతుంది, ఇగ్వానా అనే పెద్ద బల్లికి దవడ రబ్బరులా వంగుతుంది.

మామూలు కిటికీ అద్దం వెలుగునీ వేడినీ వదులుతుంది, యూవీబీని మాత్రం దాదాపు మొత్తం ఆపేస్తుంది. మా తాబేలు కిటికీ దగ్గర కూర్చుని ఎండ కాగుతున్నట్టే కనిపించింది, దానికి అందాల్సింది అందలేదు. పైగా మూసిన గాజు తొట్టి మీద నేరుగా ఎండ పడితే లోపల పొయ్యి అవుతుంది. చెమట పట్టని జంతువు, పక్కకి పోవడానికి నీడ లేదు, అరగంటలో చచ్చిపోగలదు. మా దాని అదృష్టం, అది నీళ్ళలో ఉంది.

అప్పట్నుంచి ఎగ్జోటిక్ పెట్స్ (విదేశీ పెంపుడు జంతువులు) అని బోర్డు కనపడితే లోపలికి వెళ్ళి చూడటం నాకు పిచ్చిలా పట్టుకుంది. తిరుపతి, చిత్తూరు, పని మీద వెళ్ళినప్పుడు చెన్నై, బెంగళూరు. ఇన్ని చూశాక నాకు అర్థమైంది ఏమిటంటే, పాములూ బల్లులూ తాబేళ్ళూ అమ్మే అంగడి నిజానికి అమ్మేది ఎండని. జంతువు దాంతోపాటు వస్తుంది. ఎండ అమ్మడం చేతకానివాడి దగ్గర జంతువు ఎంత అందంగా ఉన్నా కొనకూడదు.

ఎందుకంటే సరీసృపం తన వేడిని తాను తయారుచేసుకోదు. మనం తినేదాంట్లో చాలా భాగం ఒంటిని 37 డిగ్రీల దగ్గర ఉంచడానికే ఖర్చవుతుంది. వాటికి ఆ ఖర్చు లేదు, అందుకే అంతే బరువున్న కుక్కకో పిల్లికో పెట్టే తిండిలో సుమారు పదో వంతుతో బతికేస్తాయి. దానికి బదులుగా అరుగుదల, జబ్బుని తట్టుకునే శక్తి, చివరికి కదలిక కూడా బయటి వేడిని బట్టే నడుస్తాయి. కడుపు నిండా తిన్న పాముని చల్లటి గదిలో పెడితే తిన్నది అరగకుండా లోపలే కుళ్ళుతుంది, లేదా కక్కేస్తుంది. అడవిలో అయితే ఎండలోకి పోతుంది, వేడెక్కాక నీడలోకి వస్తుంది, మళ్ళీ పోతుంది. వేడిని అదుపు చేసే దాని థర్మోస్టాట్ దాని కాళ్ళే (పాముకి పొట్టే అనుకోండి). డబ్బాలో పెట్టాక ఆ నాలుగడుగులు వేసే వీలు మనం ఇవ్వాలి.

కాబట్టి డబ్బా మొత్తం ఒకే వేడి ఉంటే, ఆ వేడి సరైనదే అయినా ఆ అంగడి తప్పే. ఒక కొస వేడిగా, ఇంకో కొస చల్లగా ఉండాలి, రెండు చోట్లా దాక్కోవడానికి ఒక గూడు ఉండాలి, ఎందుకంటే ఒక్క గూడే ఉంటే భయపడ్డ జంతువు వేడిని వదులుకుని గూటినే ఎంచుకుంటుంది. ఆస్ట్రేలియా బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లికి ఎండ కాగే రాయి మీద 40 డిగ్రీలు కావాలి. పశ్చిమ ఆఫ్రికా బాల్ పైథాన్ అనే కొండచిలువకి వేడి కొసన 32 సరిపోతుంది, కానీ గాలిలో తేమ కావాలి, లేకపోతే కుబుసం పూర్తిగా ఊడదు, కళ్ళ మీద పొర మిగిలిపోతుంది. న్యూ కాలెడోనియా దీవుల క్రెస్టెడ్ గెకో అనే బల్లికి 28 దాటితే కష్టం. మన ఊళ్ళో దాన్ని కొనడమంటే ఏప్రిల్ నుంచి దానికోసం ఒక ఏసీ రాత్రింబగళ్ళు వెయ్యడమే, కరెంటు బిల్లు చూసుకోండి. ఈ మాట ముందే చెప్పి "వద్దు సార్" అనే అంగడాయన దొరికితే ఆయన దగ్గర ఇంకేదైనా కొనొచ్చు.

"పాము జాతి కదా, వేడంటే ఇష్టం, మన ఎండ చాలు" అని చెప్పేవాళ్ళకి నేను మన కొండనే చూపిస్తాను. శేషాచలం కింద మెట్ట పొలాల్లో, ముళ్ళ పొదల్లో నక్షత్ర తాబేలు తిరుగుతుంది, అది కూడా నడి ఎండలో కాదు, పొద్దునా సాయంత్రమూ, వానలు పడ్డాక. అదే కొండ పైన వాగుల పక్క రాతి సందుల్లో, నీడలో, చల్లటి చోట బంగారు బల్లి బతుకుతుంది. అది రాత్రి సంచారి, గుడ్లని రాతికి గుంపులుగా అతికించి పెడుతుంది. బెడ్డోమ్ అనే ఆంగ్లేయుడు 1870లో దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఒకే కొండ, రెండు సరీసృపాలు, ఒకదాని చోటు ఇంకోదానికి సరిపడదు. ఇక ప్రపంచం అవతలి నుంచి వచ్చినవాటన్నిటికీ ఒకటే బల్బు, కింద పరిచేది ఒకటే రంపపు పొట్టు అంటే ఎట్లా?

అంగట్లోకి వెళ్ళగానే నేను జంతువుని చూడను. థర్మామీటర్లు చూస్తాను. డబ్బాకి రెండు ఉన్నాయా, లేక అలంకారానికి ఒక్కటే మధ్యలో అతికించారా? బల్బుకి థర్మోస్టాట్ ఉందా? వేడెక్కే రాళ్ళు అని ప్లగ్గుకి పెట్టేవి అమ్ముతారు, వాటి మీద పడుకున్న బల్లి కింద పొట్ట కాలుతున్నా లేవదు, చాలాసార్లు మనం చూసేసరికి పుండే కనపడుతుంది. యూవీబీ ట్యూబు ఎప్పుడు మార్చారని అడుగుతాను. దీంట్లో చాలామంది దొరికిపోతారు. ఆ ట్యూబు ఏడాది దాటాక కూడా తెల్లగా వెలుగుతూనే ఉంటుంది, యూవీబీ మాత్రం చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. కంటికి తెలియదు. బిగించిన రోజునే ట్యూబు మీద మార్కర్‌తో తేదీ రాసే అంగడిని చిత్తూరులో ఒక్కటి చూశాను, లోపల పెద్ద హంగేమీ లేదు, ఫ్యాను కిర్రుమంటోంది, అయినా అక్కడి జంతువులన్నిటికీ కళ్ళు నిగనిగలాడుతున్నాయి. "రాత్రి కరెంటు పోతే ఏం చేస్తారు?" అంటే ఇన్వర్టర్ చూపించాడు.

ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది. నేల మీద తిరిగేదాన్నీ నీళ్ళలో ఈదేదాన్నీ రెంటినీ మనం తాబేలనే అంటాం. దాంతో నేల తాబేలుని తెచ్చి నీళ్ళ తొట్టిలో వేసేవాళ్ళున్నారు, అది ఈదలేక మునిగి చస్తుంది. నీటి తాబేలుకేమో ఎక్కి ఒళ్ళు ఆరబెట్టుకునే రాయి కూడా పెట్టరు. అమ్మేవాడు చెప్పాల్సిన మొదటి మాట ఇదే.

తిండి సంగతికొస్తే, అంగట్లో పురుగుల డబ్బా చూడండి. కీచురాళ్ళు మాడిపోయి ఖాళీ కడుపుతో ఉంటే వాటిని తిన్న బల్లికి దక్కేది తోలే. మంచివాళ్ళు ఒకరోజు ముందు ఆ పురుగులకి ఆకుకూర మేపి, కాల్షియం పొడి అద్ది వేస్తారు. ఇగ్వానా పూర్తిగా శాకాహారి. మన పెరట్లో దొరికే మునగాకు, మందారాకు దానికి పండగ. పాలకూర మాత్రం రోజూ పెట్టకూడదు, దాంట్లోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసి అందకుండా చేస్తుంది. ఇగ్వానాకి కోడిగుడ్డు, పిల్లి బిస్కెట్లు పెట్టి "బలం సార్" అన్నవాణ్ణి కూడా చూశాను, ఆ బలం మూత్రపిండాల మీద పడుతుంది.

సరీసృపాలు జబ్బుని దాస్తాయి, అడవిలో నీరసంగా కనపడ్డవాణ్ణి ముందు తినేస్తారు కాబట్టి. బాల్ పైథాన్ ఆరోగ్యంగా ఉన్నా నెలల తరబడి తినకుండా ఉండగలదు, అందుకని తినకపోవడం మామూలా జబ్బా అన్నది చూసి చెప్పలేం, రాసిపెట్టిన పుస్తకం చూసి చెప్పాలి. ఏ రోజు తిన్నది, ఎప్పుడు కుబుసం విడిచింది, బరువెంత. ఆ పుస్తకం అడగండి. కొత్తగా వచ్చినవాటిని కనీసం నెలైనా వేరే గదిలో ఉంచుతున్నారా అని కూడా అడగండి. నోటి దగ్గర బుడగలు, ఉబ్బిన కళ్ళు, పొలుసుల సందుల్లో నల్లటి చుక్కల్లా పేలు ఒక్క జంతువుకి కనపడినా పక్క డబ్బాలోది కొనకండి. కొన్నాక తాకిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడగాలి, చాలా సరీసృపాల పేగుల్లో మనకి జబ్బు చేసే సాల్మోనెల్లా అనే బ్యాక్టీరియా మామూలుగానే ఉంటుంది. అమెరికాలో 1975లోనే నాలుగంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకాన్ని ఆపేసింది ఇందుకే, చిన్నపిల్లలు వాటిని నోట్లో పెట్టుకుంటున్నారని. అయిదేళ్ళ లోపు పిల్లలున్న ఇంటికి ఇవి వద్దు.

ఇక చట్టం. ఎగ్జోటిక్ అంటే మన దేశానిది కానిది అని అర్థం. మన తాబేలు, మన ఉడుము, మన కొండచిలువ, రామచిలక కూడా, ఏవీ అమ్మకూడదు, కొనకూడదు, ఇంట్లో పెట్టుకోకూడదు. ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుందని నక్షత్ర తాబేలు కోసం మన వైపే రహస్యంగా అడుగుతుంటారు, అది 1972 వన్యప్రాణి చట్టంలో ఇప్పుడు ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లో ఉంది. శిక్ష మూడు నుంచి ఏడేళ్ళు, జరిమానా 25,000కి తగ్గదు. 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా దాదాపు పూర్తిగా ఆపేశారు. రెండు తలల పాము అని కోట్లు పలికించేదానికి ఉన్నది ఒకటే తల, రెండోది మొద్దు తోక. "లోపల ఉంది, చూపిస్తా రండి" అనే అంగడి నుంచి అక్కడికక్కడే బయటికి వచ్చెయ్యండి. విదేశీ జాతుల్లో కూడా వన్యప్రాణుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం (సైటిస్) జాబితాలో ఉన్నవాటిని, అంటే బాల్ పైథాన్, ఇగ్వానా లాంటివాటిని, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. అమ్మేవాడు తన కాగితాలు చూపించి, మీ పేరుకి మార్చడం ఎలాగో చెప్పాలి. అసలు పెట్ షాప్ నడపాలంటేనే 2018 నిబంధనల కింద రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ సర్టిఫికెట్ గోడకి కనపడాలి.

మా తాబేలు బతికింది. మిద్దె మీద సిమెంటు తొట్టి కట్టించాం, సగానికి నీడ పరదా, మధ్యలో ఒక బండ. పొద్దున ఎండ నేరుగా పడుతుంది, నాలుగైదు నెలలకి డిప్ప గట్టిపడింది, కానీ అప్పుడు పడ్డ వంకర అలాగే ఉండిపోయింది. "ఇంతే ఉంటాది" అన్నది ఇప్పుడు టిఫిన్ ప్లేటంత ఉంది. ఆడది, అడుగు దాకా పెరగొచ్చు. ఈ జాతిలో గుడ్డు పొదిగిన వేడిని బట్టే ఆడా మగా తేలుతుంది, 26 డిగ్రీల దగ్గర మగవి, 31 దగ్గర ఆడవి. డిప్ప అంగుళానికి 40 లీటర్ల నీళ్ళని ఒక లెక్క ఉంది, ఆ లెక్కన అడుగుకి రెండు పెద్ద డ్రమ్ముల పైనే. ముప్పై ఏళ్ళు బతకొచ్చు. "కోనేట్లో వదిలెయ్యి, పుణ్యం" అని మా పక్కింటావిడ సలహా. వదిలితే అది మన చెరువు తాబేళ్ళ తిండీ, ఎండ కాగే బండలూ లాక్కుంటుంది, ప్రపంచంలోని వంద చెడ్డ చొరబాటు జాతుల జాబితాలో దీని పేరు ఉంది. కేరళ చెరువుల్లో ఇప్పటికే దొరికాయి.

మంచి అంగడివాళ్ళు పెంచలేనివాళ్ళ దగ్గర జంతువుని వెనక్కి తీసుకుంటారు. మా అక్క వాళ్ళకి బదిలీ అవుతుందన్నప్పుడు, కొన్న అంగడికే వెళ్ళి అడిగాను. ఆయన గుర్తుపట్టలేదు. ఫోన్లో ఫోటో చూపిస్తే "అబ్బా, ఇంత పెద్దదా" అన్నాడు. ఇవి మేం తీసుకోం సార్ అని చెప్పి, కౌంటరు పక్కన ప్లాస్టిక్ టబ్బు మీది మూత తీశాడు. పచ్చగా, బిళ్ళల్లా, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ ఓ నలభై దాకా ఉన్నాయి. "చిన్నవి కావాలంటే చెప్పండి, నిన్ననే వచ్చినాయి."