రాయికి పేరు పెట్టే ముందు

ప్రియమైన పిల్లలారా,

మీలో ఒకరు అరచేతిలో పట్టేంత రాయిని ఫోటో తీసి, "ఇది ఏ జంతువు?" అని ఒక్క వాక్యం రాసి నాకు పంపారు. ఫోటో స్పష్టంగానే ఉంది గానీ నేను జవాబు రాయలేకపోయాను. ఆ రాయి ఎంత పెద్దదో అందులో తెలియదు, ఎక్కడ దొరికిందో తెలియదు, రాతిపొరలోంచి తీసినదో గులకరాళ్ళ మధ్య ఏరినదో కూడా తెలియదు. శిలాజాలు ఏరుకునేవాళ్ళు నలుగురు ఒకచోట చేరినప్పుడు ఎవరైనా సంచిలోంచి ఒక రాయి తీస్తే, మిగిలినవాళ్ళు మొదట అడిగే మాట "ఎక్కడిది?" అన్నదే. "ఏమిటిది?" అన్న మాట చాలాసేపటికి గానీ రాదు. ఆ వరుస ఎందుకో మీకు వివరించాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

శిలాజం అంటే ఏమిటో మీకు బడిలో చెప్పే ఉంటారు కనుక క్లుప్తంగానే చెబుతాను. చనిపోయిన ప్రాణి త్వరగా బురదలోనో ఇసుకలోనో పూడిపోతే, దాని గట్టి భాగాలు చెదిరిపోకముందే పైన మరిన్ని పొరలు పేరుకుంటాయి. కాలక్రమంలో ఆ పొరలు రాయిగా మారేటప్పుడు నీటిలో కరిగిన ఖనిజాలు గవ్వలోకీ ఎముకలోకీ ఇంకి గట్టిపడతాయి. ఒక్కోసారి అసలు గవ్వ కరిగిపోయి దాని అచ్చు మాత్రమే రాతిలో మిగులుతుంది. అందుకే శిలాజాలను సున్నపురాయి, ఇసుకరాయి, పలకలుగా విడిపోయే షేల్ వంటి అవక్షేప శిలల్లో వెతకాలి. భూగర్భంలో కరిగిన శిలాద్రవం చల్లారి ఏర్పడిన గ్రానైట్‌లో వెతికి లాభం లేదు.

ఇక "ఎక్కడిది?" అన్న ప్రశ్న దగ్గరికి వస్తాను. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లాండులో కాలువల తవ్వకాలకు సర్వేయరుగా పనిచేసిన విలియం స్మిత్, చూడ్డానికి ఒకేలా ఉన్న రాతిపొరలను కూడా వాటిలోని శిలాజాలను బట్టి విడివిడిగా గుర్తుపట్టవచ్చని గ్రహించాడు. ఒక పొరలో కనిపించే శిలాజాల కూర్పు దాని పైపొరలోనూ కిందిపొరలోనూ కనిపించదు. ఆ వరుస మైళ్ళ దూరం వెళ్ళినా తారుమారు కాదు. ఆ ఆధారంతోనే అతను 1815లో ఇంగ్లాండు, వేల్స్ ప్రాంతాల భూగర్భ పటాన్ని ప్రచురించాడు. మనం అదే సూత్రాన్ని తిరగేసి వాడుకుంటాం. పొర వయసు తెలిస్తే, అందులో ఏది దొరకవచ్చో, ఏది దొరికే అవకాశమే లేదో తెలుస్తుంది. ఒంటి మీద అడ్డచారలుండే ట్రైలోబైట్లు అనే సముద్రజీవులు సుమారు 25 కోట్ల ఏళ్ళ క్రితమే పూర్తిగా అంతరించాయి. కాబట్టి 10 కోట్ల ఏళ్ళ నాటి సున్నపురాతిలో అడ్డచారలున్న ముక్క దొరికితే, అది ఎంత ట్రైలోబైట్‌లా కనిపించినా మరేదో ప్రాణిది అయి ఉండాలి. పేరు పెట్టే పనిలో సగం ఇలా కాని వాటిని తోసిపుచ్చడంలోనే గడుస్తుంది.

శిలాజాలు ఏరే అలవాటు పడిన కొత్తలో నాకు ఒక సున్నపురాతి పలక దొరికింది. ఉలి అంచు ఆనించి మెల్లగా తడితే రెండుగా విడిపోయింది, రెండు ముఖాల మీదా నల్లని సన్నని కొమ్మలు, కొమ్మకు కొమ్మ, దానికి మళ్ళీ చిరుకొమ్మ. ఫెర్న్ ఆకు దొరికిందని ఎంత సంబరపడ్డానో చెప్పలేను. వారం తర్వాత, నాకంటే ఎన్నో ఏళ్ళ ముందు నుంచి శిలాజాలు ఏరుతున్న ఒక పెద్దావిడకు దాన్ని చూపించాను. ఆమె చాలాసేపు చూసి, ఏమీ అనకుండా తన పదిరెట్ల భూతద్దం నా చేతికిచ్చి, "దీని నడిమి ఈనె ఎక్కడుందో చూపించు" అన్నారు. నేను వెతికాను. ఈనె లేదు. కొమ్మలన్నీ పలక అంచున ఉన్న సన్నని పగులు దగ్గర మొదలై లోపలికి పాకుతున్నాయి. ఆకు నొక్కుకున్నచోట ఉండవలసిన పల్లం గానీ మందం గానీ ఎక్కడా లేదు, నల్లరంగు రాతి మీద పూసినట్టుగా ఉంది. పగుళ్ళలోంచి ఊరిన నీరు మాంగనీసు ఆక్సైడును అలా కొమ్మలుగా వదిలి వెళుతుంది. దాన్ని డెండ్రైట్ అంటారు. అది ఎన్నడూ ప్రాణమున్నది కాదు. ఆ సాయంత్రం నాకు దుఃఖం వచ్చిన మాట నిజం. కానీ ఆమె "ఇది ఫెర్న్ కాదు" అని ఒక్క ముక్కలో తేల్చకుండా, నా కళ్ళతోనే నన్ను చూడనిచ్చారు. ఆ పలక ఇప్పటికీ నా పెట్టెలో డెండ్రైట్ అన్న చీటీతోనే ఉంది.

నాకు ఎక్కువగా వచ్చే ఫోటోలు "గుడ్ల"వి. గుండ్రంగా, నున్నగా ఉన్న ప్రతి రాయీ రాకాసిబల్లి గుడ్డు అనిపిస్తుంది. నిజమైన గుడ్డు శిలాజానికి పలుచని పెంకు ఉంటుంది. విరిగిన అంచున ఆ పెంకు మందం వేరుగా తెలుస్తుంది, భూతద్దంలో పెంకు మీద సన్నని రంధ్రాలో బొడిపెలో కనిపించవచ్చు. పెంకు లేకుండా లోపలా బయటా ఒకే రాయిగా ఉంటే, అది ఖనిజాలు ముద్దకట్టి ఏర్పడిన గుండు మాత్రమే అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. ఎముక అనుకునే రాళ్ళను కూడా విరిగిన చోటే చూడాలి. ఎముక లోపలి భాగం తేనెపట్టులా చిన్న చిన్న గదులతో ఉంటుంది, శిలాజమయ్యాక కూడా ఆ గదులు ఖనిజాలతో నిండి కనిపిస్తూనే ఉంటాయి. బయటి ఆకారం మనల్ని సులభంగా మోసం చేస్తుంది, లోపలి నిర్మాణం అంత తొందరగా మోసం చేయదు.

కొత్తవాళ్ళకు చేతినిండా దొరికేవి గవ్వలే కనుక వాటి దగ్గర కాస్త ఆగుతాను. రెండు చిప్పలున్న శిలాజం దొరికితే అది ఆల్చిప్పల జాతిదా, లేక వాటిలాగే రెండు చిప్పలున్నా వేరే జాతికి చెందిన బ్రాకియోపాడ్ అనే సముద్రజీవా అన్నది ముందు తేల్చుకోవాలి. ఒక చిప్పను మీకు ఎదురుగా పట్టుకుని, ముక్కు నుంచి అంచు దాకా మధ్యలో ఒక గీత ఉన్నట్టు ఊహించండి. గీతకు ఎడమవైపు, కుడివైపు సరిగ్గా ఒకేలా ఉంటే అది బ్రాకియోపాడ్ కావచ్చు. దానిలో పై చిప్ప, కింది చిప్ప మాత్రం ఒకే కొలతలో ఉండవు. ఆల్చిప్పల జాతిలో ఇది తలకిందులవుతుంది: రెండు చిప్పలూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉంటాయి, కానీ ఒక్కో చిప్ప విడిగా చూస్తే ఒక పక్కకు ఒరిగినట్టుంటుంది. ఆ జాతిలోవే అయినా ఆయిస్టర్లు ఈ నియమానికి లొంగవు. అవి అతుక్కున్న చోటును బట్టి వంకరటింకరగా పెరుగుతాయి, అనుభవమున్నవాళ్ళు కూడా వాటి దగ్గర తడబడతారు. మధ్యలో రంధ్రమున్న చిన్న చిన్న బిళ్ళలు దొరికితే పూసలనుకుని పారేయకండి. అవి క్రినాయిడ్ అనే సముద్రజీవి కాడ ముక్కలు. కొన్నింటి మీద అయిదు కోణాల నక్షత్రం అచ్చుగుద్దినట్టు ఉంటుంది.

ఇంత చెప్పాక కూడా, ఒక్కరే కూర్చుని పేరు తేల్చగలిగే శిలాజాలు కొన్నే. మనం దేన్ని చూడాలని కోరుకుంటామో కన్ను దాన్నే చూస్తుంది కనుక, ఆ కోరిక లేని మరో కన్ను కావాలి. 2020 మే నెలలో ఇంగ్లాండులోని సోమర్సెట్ తీరంలో, బ్లూ ఆంకర్ అనే చోట, 11 ఏళ్ళ రూబీ రెనాల్డ్స్ తన తండ్రితో కలిసి శిలాజాలు వెతుకుతూ ఒక పెద్ద ఎముక ముక్కను చూసింది. వాళ్ళు శాస్త్రవేత్త డీన్ లోమాక్స్‌ను, పాల్ డి లా సాల్ అనే సేకర్తను సంప్రదించారు. పాల్ 2016లోనే అదే తీరంలో లిల్‌స్టాక్ దగ్గర అటువంటి ఎముకే కనుగొన్నాడు. దాని పూర్తి రూపం తేల్చడానికి అది ఒక్కటే చాలలేదు. అవి ఇక్తియోసార్ అనే సముద్ర సరీసృపం దవడ ఎముకలు. రెండూ పక్కపక్కన చేరాక గానీ అవి అంతకుముందు పేరు పెట్టని కొత్త ప్రాణివని నిర్ధారణ కాలేదు. 2024లో దానికి ఇక్తియోటైటాన్ సెవర్నెన్సిస్ అని పేరు పెట్టారు. అది సుమారు 20 కోట్ల 20 లక్షల ఏళ్ళ క్రితం జీవించింది, దాని పొడవు సుమారు 25 మీటర్లు ఉండవచ్చని అంచనా వేశారు. పాల్ తన ఎముకను దాచుకుని ఊరుకున్నా, రూబీ తనది ఎవరికీ చూపకపోయినా ఆ జంతువు పేరు నేటికీ మనకు తెలిసేది కాదు.

చూపించినంత మాత్రాన ప్రతిసారీ న్యాయం జరగదని కూడా మీకు చెప్పాలి. 1956లో ఇంగ్లాండులోని చార్న్‌వుడ్ ఫారెస్టులో 15 ఏళ్ళ టీనా నీగస్ ఒక బండ మీద ఫెర్న్ ఆకులాంటి అచ్చును చూసింది. పైన కాగితం పరచి పెన్సిలుతో రుద్ది దాని నకలు కూడా తీసుకుంది. ఆ రాళ్ళు సుమారు 54 కోట్ల ఏళ్ళ క్రితం మొదలైన కేంబ్రియన్ యుగానికి ముందువి. అంత పాతరాళ్ళలో శిలాజాలు ఉండవని ఉపాధ్యాయులు కొట్టిపారేశారు. మరుసటి ఏడు, 1957లో, రోజర్ మేసన్ అనే బడిపిల్లవాడు స్నేహితులతో కొండరాళ్ళు ఎక్కుతూ అదే అచ్చును చూశాడు. అతని నకలు లెస్టర్ విశ్వవిద్యాలయంలోని భూవిజ్ఞాని ట్రెవర్ ఫోర్డ్ చేతికి చేరింది, ఆయన స్వయంగా వెళ్ళి చూశాడు. 1958లో దానికి చార్నియా మేసొనీ అని పేరు పెట్టారు. అది సుమారు 56 కోట్ల ఏళ్ళ నాటిది, కేంబ్రియన్‌కు ముందు పెద్ద ప్రాణులు ఉండేవని నిరూపించిన శిలాజాల్లో అది ముఖ్యమైనది. టీనా గురించి తలచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఒకరు కాదన్నారని ఆగకుండా, రెండో మనిషికీ మూడో మనిషికీ చూపించండి. అలాగే మీకు ఎవరైనా ఏదైనా తెచ్చి చూపిస్తే, రాయిని చూడకముందే నోటితో కాదనకండి.

పేరు తెలియకుండానే మిగిలిపోయే వాటిని చూసి కూడా దిగులుపడనక్కరలేదు. అమెరికాలో ఇల్లినాయ్‌లోని మాజన్ క్రీక్ ప్రాంతంలో ఇనుపరంగు రాతిగుండ్లు దొరుకుతాయి. అక్కడి సేకర్తలు వాటిని నీటిలో నానబెట్టి గడ్డకట్టిస్తారు, కరగనిస్తారు, మళ్ళీ గడ్డకట్టిస్తారు. అలా ఎన్నోసార్లు చేశాక గుండు దానంతట అదే శిలాజం ఉన్న చోట విచ్చుకుంటుంది. సుత్తి దెబ్బకంటే ఆ ఓపిక నాకు ఎంతో నచ్చుతుంది. 1950లలో ఫ్రాన్సిస్ టల్లీ అనే సేకర్తకు అక్కడ ఏ జాతికీ చెందనట్టున్న మెత్తటి శరీరపు ప్రాణి దొరికింది. 1966లో దానికి టల్లిమాన్‌స్ట్రమ్ అని శాస్త్రీయ నామం పెట్టారు గానీ, అది వెన్నెముక ఉన్న జీవా కాదా అన్న వాదన ఇంకా తెగలేదు.

శిలాజాలు ఏరడానికి వెళ్ళే ముందు స్థలం ఎవరిదో కనుక్కుని అనుమతి అడగండి, అక్కడి చట్టం ఏం చెబుతుందో పెద్దలను అడిగి తెలుసుకోండి, పెద్దలు తోడు లేకుండా వెళ్ళకండి. కొండచరియ కిందికి, పోటు వచ్చే వేళ ఒడ్డుకు వెళ్ళవద్దు. సుత్తి పట్టుకుంటే కళ్ళకు అద్దాలు ఉండి తీరాలి. పెద్ద ఎముక ఏదైనా రాతిలోంచి తొంగిచూస్తుంటే దాన్ని ఊడబెరకకుండా ఫోటో తీసి, దగ్గరలోని మ్యూజియానికి తెలియజేయండి. ఎముక పడుకున్న తీరులోనే సగం సమాచారం ఉంటుంది. ఇంటికి తెచ్చినదాన్ని మెత్తని పళ్ళ బ్రష్షుతో శుభ్రం చేయండి. పుల్లని ద్రవాలేవీ పోయకండి, ఎందుకంటే సున్నపురాయి కరిగే ద్రవంలో గవ్వ కూడా కరుగుతుంది.

చీటీ సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. నా దగ్గర సొరచేప పళ్ళున్న ఒక పెట్టె ఉంది. ఇల్లు మారేటప్పుడు అట్టపెట్టె తడిసి చీటీలన్నీ ఊడిపోయాయి. అంచున రంపపు పళ్ళతో, నిగనిగలాడుతూ పళ్ళు బాగానే ఉన్నాయి. కానీ ఏది ఏ పొరలోదో, ఏ ఏటిదో ఇప్పుడు నేను చెప్పలేను, కనుక మరే సేకర్తా వాటితో తన రాళ్ళను పోల్చుకోలేడు. అప్పటి నుంచి ప్రతి శిలాజం మీదా కనపడని మూల చిన్న తెల్లరంగు చుక్క పెట్టి, ఆరాక దాని మీద సిరాతో అంకె వేస్తున్నాను. అదే అంకె కింద నోటుపుస్తకంలో తేదీ, స్థలం, ఏ పొరలో ఎంత ఎత్తున దొరికింది, ఎవరు కనుగొన్నారు, ఎవరు ఏమని గుర్తించారు అన్నవన్నీ రాస్తాను. గుర్తింపు మారితే పాత పేరును చెరపకుండా కింద కొత్తది రాస్తాను.

కాబట్టి ఫోటో పంపిన చిన్నారీ, ఆ రాయిని మళ్ళీ ఫోటో తీయి. పక్కన స్కేలు పెట్టు. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, విరిగిన అంచు ఉంటే దానికి మరీ దగ్గరగా ఒకటి తీయి; ఉదయపు ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీస్తే గీతలూ గాట్లూ తేటగా కనిపిస్తాయి. ఎక్కడ, ఎప్పుడు, ఎలాంటి రాతిలో దొరికిందో గుర్తున్నంత వరకు రాయి. నీ ఊహ ఏమిటో, ఎందుకు అలా అనుకుంటున్నావో కూడా రాయి. నేను ఒక్కదాన్నే చూడను, నాతో కలిసి ఏరే మరో ముగ్గురికి చూపిస్తాను. మా నలుగురి మాటా ఒకటి కాకపోతే, ఎవరు ఏమన్నారో, దేన్ని చూసి అన్నారో అన్నీ నీకు విడివిడిగా రాసి పంపుతాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ