ఆర్‌ఎన్ నుంచి ఆన్‌లైన్ బీఎస్‌ఎన్: అపోహలు, వాస్తవాలు

మొన్న పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే ఫోన్‌లో మెసేజ్. "అక్కా, క్రెడిట్ చాలా తక్కువకే ఇస్తున్నారు. ఈ వారంలో చేరితే అప్లికేషన్ ఫీజు కూడా ఉండదట. కట్టేయనా?"

క్రెడిట్ అంటే కోర్సును కొలిచే యూనిట్, ఫీజు చాలాచోట్ల దాని లెక్కనే కడతారు. ఇలాంటి మెసేజ్‌లు నాకు తరచూ వస్తాయి. అమెరికాలో ఒక హాస్పిటల్లో నర్స్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను. రెండేళ్ల నర్సింగ్ డిగ్రీ (ఏడీఎన్)తో ఉద్యోగంలో చేరిన రిజిస్టర్డ్ నర్సులు (ఆర్‌ఎన్‌లు) నర్సింగ్‌లో బ్యాచిలర్స్ డిగ్రీ (బీఎస్‌ఎన్) ఎక్కడ చెయ్యాలో తేల్చుకోలేక నా దగ్గరికి వస్తారు. తెలుగు పిల్లలైతే అర్ధరాత్రి బ్రేక్‌లో కూడా ఫోన్ చేస్తారు. నేనూ ఇండియాలో నర్సింగ్ డిప్లొమా (జీఎన్‌ఎం) చేసి, ఇక్కడికొచ్చి లైసెన్స్ పరీక్ష (ఎన్‌క్లెక్స్) రాసి, పిల్లలు పడుకున్నాక వంటింటి టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని బీఎస్‌ఎన్ పూర్తి చేశాను. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. సగం తెలిసిన సంగతిని వాట్సాప్ గ్రూపుల్లో పూర్తిగా తెలిసినట్టు చెప్పేవాళ్లను చూస్తేనే కోపం వస్తుంది. వాళ్ల మాట నమ్మి వేల డాలర్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

అపోహ: క్రెడిట్ రేటు ఎక్కడ తక్కువుంటే ఆ డిగ్రీయే చవక.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

అమెరికాలో బ్యాచిలర్స్ డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు కావాలి. అందులో మీ ఏడీఎన్ క్రెడిట్లను కొత్త యూనివర్సిటీ ఎన్ని ఒప్పుకుంటుందన్నదే అసలు ప్రశ్న. నర్సింగ్ కోర్సులు చాలాచోట్ల 30 క్రెడిట్ల చుట్టుపక్కలే ఉంటాయి, అవి ఎవరికీ తప్పవు. తేడా అంతా జనరల్ ఎడ్యుకేషన్‌లో వస్తుంది. స్టాటిస్టిక్స్, హ్యుమానిటీస్, చరిత్ర, కొన్ని రాష్ట్రాల్లో ఆ రాష్ట్ర ప్రభుత్వం గురించిన కోర్సు కూడా. ఒక యూనివర్సిటీ మీ పాత కోర్సును "సరిపోతుంది" అంటుంది, ఇంకోటి "మళ్లీ చెయ్యాలి" అంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. మొదటి యూనివర్సిటీ క్రెడిట్‌కి 250 డాలర్లు అంటుంది, కానీ మీ పాత క్రెడిట్లు కొన్ని కొట్టేసి 52 క్రెడిట్లు చెయ్యమంటుంది. మొత్తం 13,000 డాలర్లు. రెండోది క్రెడిట్‌కి 325 అంటుంది, కానీ మీ పాతవన్నీ ఒప్పుకుని 30 క్రెడిట్లే మిగులుస్తుంది. మొత్తం 9,750. రేటు ఎక్కువున్న చోటే మూడువేల పైచిలుకు మిగిలింది. పైగా ఏడెనిమిది కోర్సుల భారం తప్పింది. నైట్ షిఫ్టులు చేసేవాళ్లకు అది దాదాపు ఏడాది నిద్ర.

మా యూనిట్‌లో పనిచేసే ఒకమ్మాయి గురించి చెప్పాలి. ఇండియాలో బీకాం చదివి, పెళ్లయ్యాక హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద వచ్చింది. గ్రీన్ కార్డు వచ్చాక ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో ఏడీఎన్ చేసింది. బీఎస్‌ఎన్‌కి క్రెడిట్ రేటు చూసి ఒకచోట చేరిపోయింది. హ్యుమానిటీస్, సోషల్ సైన్స్, ఇంకో ఎలక్టివ్ అంటూ ఆరు కోర్సులు ఎక్కువగా చేసింది. అన్నీ అయిపోయాక ఒకరోజు మాటల్లో బీకాం సంగతి చెప్పింది. నా గుండె జారిపోయింది. ఏ సబ్జెక్టులోనైనా ముందే బ్యాచిలర్స్ ఉన్నవాళ్లకు చాలా యూనివర్సిటీలు జనరల్ ఎడ్యుకేషన్ మొత్తాన్నే మాఫీ చేస్తాయి. విదేశీ డిగ్రీ అయితే, అది ఇక్కడి ఏ చదువుతో సమానమో తేల్చే వెస్ లాంటి సంస్థతో ఇవాల్యుయేషన్ చేయించి పంపితే చూస్తాయి. "కామర్స్‌కీ నర్సింగ్‌కీ ఏం సంబంధమని ఆ సర్టిఫికెట్ బయటికే తియ్యలేదక్కా" అంది. తప్పు ఆమెది కాదు. ఆమెను ఎవరూ అడగలేదు. అడ్మిషన్స్ వాళ్లు అడగలేదు, గ్రూపులో సలహాలిచ్చినవాళ్లూ అడగలేదు.

అప్పటి నుంచి నా దగ్గరికి ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న ఇదే: ఇంతకుముందు ఏం చదివావు, ఎక్కడ చదివావు, పూర్తి చెయ్యకుండా ఆపేసిందైనా సరే.

నాలాగా జీఎన్‌ఎంతో వచ్చినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మన డిప్లొమాను యూనివర్సిటీలన్నీ ఒకేలా చూడవు. కొన్ని ఆర్‌ఎన్ లైసెన్స్ చూసి నర్సింగ్ క్రెడిట్లు ఒక మొత్తంగా ఇచ్చేస్తాయి. కొన్ని సబ్జెక్టుల వారీ ఇవాల్యుయేషన్ రిపోర్టు కావాలంటాయి. కొన్ని అసలు లెక్కలోకే తీసుకోవు. ఇవి ముందుగా తెలియాలంటే ట్రాన్స్‌క్రిప్టులన్నీ పంపి, ట్రాన్స్‌ఫర్ క్రెడిట్ ఇవాల్యుయేషన్‌ను రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ఫోన్‌లో "దాదాపు అన్నీ వస్తాయండీ" అన్న మాటకు విలువ లేదు. ఎన్ని క్రెడిట్లు తీసుకున్నారు, ఇంకా ఎన్ని మిగిలాయి, ఏ కోర్సులు అన్నది ఈమెయిల్‌లో ఉండాలి. కనీసం మూడుచోట్ల నుంచి తెప్పించుకోండి. ఆ కాగితం చేతికి రాకముందు ఒక్క డాలర్ కూడా కట్టొద్దు. "ఈ వారంలోనే చేరాలి" అని తొందరపెట్టే అడ్మిషన్స్ కౌన్సెలర్‌కి "ఇవాల్యుయేషన్ వచ్చాక చెబుతాను" అనండి, చాలు.

ఆ తర్వాతే రేటు. అందులోనూ టెక్నాలజీ ఫీజు, కోర్సు ఫీజు, గ్రాడ్యుయేషన్ ఫీజు, పుస్తకాలు కలిపి చూడాలి. పక్క రాష్ట్రం నుంచి చేరేవాళ్లకు రేటు వేరుగా ఉంటుందేమో అడగండి. కొన్ని పబ్లిక్ యూనివర్సిటీలు ఆన్‌లైన్ వాళ్లందరికీ ఒకే రేటు పెడతాయి, కొన్ని పెట్టవు.

వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ లాంటివి క్రెడిట్ లెక్కన కాకుండా ఆరు నెలల టర్మ్‌కి ఇంత అని తీసుకుంటాయి. ఆ ఆరు నెలల్లో ఎన్ని కోర్సులు పూర్తి చేస్తే అన్నీ ఆ డబ్బులోనే. సొంతంగా చదువుకుని చకచకా పూర్తి చేయగలిగినవాళ్లకు అది నిజంగానే చవక. ఇంట్లో పసిపిల్ల ఉండి, వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు చేసేవాళ్లు టర్మ్ మీద టర్మ్ కడుతూ పోతే చవకదనం కరిగిపోతుంది. మీకు వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయో ముందు నిజాయితీగా లెక్కేసుకోండి.

అపోహ: హాస్పిటలే ఫీజు కడుతుంది కాబట్టి ఎక్కడ చేరినా ఒకటే.

హాస్పిటల్ ట్యూషన్ సాయం చాలామందికి ఉంటుంది, వాడుకోండి. ఉద్యోగం ఇచ్చినవాళ్లు చదువుకి ఇచ్చే సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల వరకు మీ మీద ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు. అందుకే చాలా హాస్పిటళ్లు ఆ అంకె దగ్గరే ఆగుతాయి. అది క్యాలెండర్ సంవత్సరం లెక్క. కాబట్టి ఆగస్టులో మొదలుపెట్టి వచ్చే ఏడాది పూర్తి చేస్తే రెండేళ్ల సాయం అందుతుంది. అదే జనవరిలో మొదలుపెట్టి డిసెంబరులోపు ముగిస్తే ఒక్క ఏడాదిదే.

కానీ షరతులు చదవండి. కొన్నిచోట్ల ముందు మీరే కట్టి, గ్రేడ్ వచ్చాక డబ్బు వెనక్కి తీసుకోవాలి. కొన్నిచోట్ల ఆ తర్వాత ఇన్నేళ్లు పనిచెయ్యాలి, మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలి. వీసా, భర్త ఉద్యోగం, ఊరు మారడం లాంటివి ఉన్నవాళ్లు ఈ చివరిదాన్ని రెండుసార్లు చదవాలి.

అపోహ: ఆర్‌ఎన్ అయిపోయాక పెల్ గ్రాంట్ రాదు.

పెల్ గ్రాంట్ అంటే చదువుకి ఇచ్చే, తిరిగి కట్టనక్కర్లేని ఫెడరల్ సాయం. దానికి అడ్డం వచ్చేది బ్యాచిలర్స్ డిగ్రీ. ఏడీఎన్ కాదు. సిటిజన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, కుటుంబ ఆదాయం తక్కువైతే ఫాఫ్సా అనే ఫెడరల్ సాయం దరఖాస్తు నింపాలి. 2025-26లో గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. హెచ్-1బీ, హెచ్-4 మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ సాయం రాదు, దాని మీద టైమ్ పెట్టొద్దు. ఇండియాలో బ్యాచిలర్స్ చేసినవాళ్లకు కూడా సాధారణంగా పెల్ రాదు. అందుకని ఆ డిగ్రీని దాచే ఆలోచన మాత్రం వద్దు. ఫాఫ్సాలో అబద్ధం రాయడం నేరం. ఆ డిగ్రీ వల్ల జనరల్ ఎడ్యుకేషన్‌లో ఆదా అయ్యే డబ్బు చాలాసార్లు తక్కువేమీ ఉండదు.

అపోహ: వెబ్‌సైట్‌లో "అక్రెడిటెడ్" అని ఉంటే సరిపోతుంది.

సరిపోదు. యూనివర్సిటీకి ఉండే గుర్తింపు ఒకటి, నర్సింగ్ ప్రోగ్రామ్‌కి ఉండే గుర్తింపు ఇంకొకటి. ప్రోగ్రామ్‌కి సీసీఎన్‌ఈ, ఏసీఈఎన్, ఎన్‌ఎల్‌ఎన్ సీఎన్‌ఈఏ, ఈ మూడు సంస్థల్లో ఒకదాని గుర్తింపు ఉండాలి. యూనివర్సిటీ పేజీలో లోగో చూసి వదిలేయకుండా ఆ సంస్థ సైట్‌లోనే ప్రోగ్రామ్ పేరు వెతకండి. "అప్లై చేశాం", "క్యాండిడేట్ స్టేటస్‌లో ఉన్నాం" అంటే ఇంకా రాలేదని అర్థం. అది లేని డిగ్రీతో తర్వాత నర్సింగ్ మాస్టర్స్ (ఎంఎస్‌ఎన్), నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులకు వెళ్తే చాలాచోట్ల తలుపు మూసుకుంటుంది. హాస్పిటల్ ట్యూషన్ సాయం కూడా ఆగిపోవచ్చు.

మరీ చవకగా, మరీ త్వరగా అంటే భయపడండి. 2023 జనవరిలో బయటపడిన ఆపరేషన్ నైటింగేల్ కేసులో ఫ్లోరిడాలోని మూడు స్కూళ్ల పేరుతో 7,600కు పైగా నకిలీ నర్సింగ్ డిప్లొమాలు, ట్రాన్స్‌క్రిప్టులు అమ్మినట్టు తేలింది. 25 మంది మీద కేసు పెట్టారు. వాటితో పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లలో చాలామంది ఉద్యోగమూ లైసెన్సూ పోగొట్టుకున్నారు. అప్పట్లో మా హాస్పిటల్లో ఏ తప్పూ చెయ్యని పిల్లలు కూడా తమ కాలేజీ పేరు ఆ జాబితాలో ఉందేమోనని వణికిపోయారు.

అపోహ: బీఎస్‌ఎన్ లేకపోతే లైసెన్స్ పోతుంది.

ఈ పుకారుతో నిద్రపోని వాళ్లున్నారు. న్యూయార్క్ రాష్ట్రం 2017 డిసెంబరులో ఒక చట్టం చేసింది. కొత్తగా లైసెన్స్ వచ్చిన ఆర్‌ఎన్‌లు పదేళ్లలోపు నర్సింగ్‌లో బ్యాచిలర్స్ పూర్తి చెయ్యాలన్నారు. అప్పటికే లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. మిగతా చోట్ల ఒత్తిడి హాస్పిటళ్ల నుంచి వస్తుంది, లైసెన్స్ ఇచ్చే నర్సింగ్ బోర్డు నుంచి కాదు. నర్సింగ్ నాణ్యతకు ఇచ్చే మ్యాగ్నెట్ గుర్తింపు ఉన్న హాస్పిటళ్లలో కూడా డిగ్రీ తప్పనిసరి అన్న నియమం నర్స్ మేనేజర్లకు, ఆ పైవాళ్లకు. బెడ్‌సైడ్ నర్సులను బీఎస్‌ఎన్ చెయ్యమనడం ఆయా హాస్పిటళ్ల సొంత నిర్ణయం. కాబట్టి భయంతో చేతికందిన ప్రోగ్రామ్‌లో చేరకండి. టైమ్ ఉంది.

అపోహ: ఆన్‌లైన్ అంటే ప్రాక్టికల్ పని ఏమీ ఉండదు.

ఉంటుంది. వార్డులో మామూలు క్లినికల్స్ లాగా కాకపోయినా, కమ్యూనిటీ హెల్త్, లీడర్‌షిప్ కోర్సుల్లో గంటలు ఉంటాయి. దగ్గరుండి నేర్పించే నర్సును (ప్రిసెప్టర్‌ను) మీరే వెతుక్కోవాలా, వాళ్లు చూస్తారా అన్నది చేరకముందే అడగండి. క్యాలిఫోర్నియాలో పబ్లిక్ హెల్త్ నర్స్ సర్టిఫికెట్ కావాలనుకుంటే 90 గంటల పర్యవేక్షిత క్లినికల్ ఉండాలి, అది ఉన్న ప్రోగ్రామే చూసుకోవాలి. మీ రాష్ట్రంలో ఉంటున్నవాళ్లను తీసుకుంటారో లేదో కూడా కనుక్కోండి. ఆన్‌లైన్ చదువుల కోసం రాష్ట్రాల మధ్య ఎన్‌సీ-సారా అనే ఒప్పందం ఉంది, 2025 నాటికి అందులో క్యాలిఫోర్నియా లేదు.

అపోహ: ఇండియాలో చేసిన బీఎస్సీ నర్సింగ్ ఇక్కడ చెల్లదు, మళ్లీ బీఎస్‌ఎన్ చెయ్యాలి.

నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌ను ఇవాల్యుయేషన్‌లో సాధారణంగా ఇక్కడి బ్యాచిలర్స్‌తో సమానంగానే చూస్తారు. ముందు ఆ రిపోర్టును హెచ్‌ఆర్‌కి చూపించండి. ఈ మాట చెప్పడానికి ఒక అక్కను కాఫీకి పిలిచాను. ఆవిడ అప్పటికే రెండో కోర్సు ఫీజు కట్టేసింది. రిపోర్టు తీసుకెళ్లి ఇచ్చిన వారానికి ఆవిడ రికార్డులో "బ్యాచిలర్స్" అని మారింది. ఆ ప్రోగ్రామ్ మానేసి ఇప్పుడు ఎంఎస్‌ఎన్‌కి అప్లై చేస్తోంది.

మొన్న మెసేజ్ పెట్టిన అమ్మాయికి కూడా డబ్బు కట్టొద్దన్నాను. ఇండియా డిగ్రీ ఉందా అని అడిగితే బీఎస్సీ మైక్రోబయాలజీ ఉందని చెప్పింది. ట్రాన్స్‌క్రిప్టులు మూడు యూనివర్సిటీలకు వెళ్లాయి. ఒకచోట 31 క్రెడిట్లు, ఇంకోచోట 46 మిగిలాయని రాతలో వచ్చింది. మూడోదాని జవాబు కోసం చూస్తున్నాం.