క్యాంపర్ పైకప్పు లీకులు: అపోహలు - వాస్తవాలు

టెక్సస్‌లో క్యాంపర్లు, అంటే లోపల ఉండి ప్రయాణించే ఇల్లులాంటి బండ్లు, ట్రైలర్లు, రిపేరు చేయడం నా పని. పాత ట్రైలర్ కొన్న మనవాళ్లు ఫోన్ చేశారంటే చాలాసార్లు పైకప్పు గురించే. వినే మాటలు కూడా దాదాపు ఇవే.

అపోహ: పైకప్పు మీద పరిచిన రబ్బరు షీటు ఎక్కడా చిరగలేదు, కాబట్టి కారదు.

వాస్తవం: చెట్టుకొమ్మ గీరితే తప్ప షీటు మధ్యలో కారడం అరుదు. నీళ్లు దిగేది దానికి కన్నాలు పెట్టిన చోట: వెంట్లు, స్కైలైట్, యాంటెనా, నిచ్చెన స్క్రూలు, ఇంకా ముందూ వెనకా అంచులు కలిసే అతుకులు. రోడ్డు మీద బండి ఊగుతుంది, ఎండకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. ఆ కదలికంతా భరించేది సీలెంటే, అంటే సందులు మూయడానికి పూసే పేస్టే. అందుకే మూడు నెలలకోసారి పైకెక్కి చూడమని చాలా కంపెనీల మాన్యువళ్లు చెబుతాయి. చూసిన ప్రతిసారీ తేదీతో ఫోటో తీసి పెట్టుకోండి, వారంటీ అడిగేటప్పుడు పనికొస్తుంది.

అపోహ: హార్డ్‌వేర్ షాపులో సిలికాన్ ట్యూబు తెచ్చి పూస్తే సరిపోతుంది.

వాస్తవం: నాకు ఎక్కువ పని తెచ్చిపెట్టేది ఈ ట్యూబే. ఈపీడీఎం (రబ్బరు), టీపీఓ (ప్లాస్టిక్ లాంటిది) షీట్లు వేసిన రూఫులకు మామూలు సిలికాన్ సరిగ్గా పట్టదు, కొన్నాళ్లకు అంచు లేస్తుంది. గీకి తీసేసినా కంటికి కనిపించని పొర మిగులుతుంది. దాని మీద ఏ సీలెంటూ నిలవదు, కొత్త సిలికాన్ కూడా. సగం రోజు దాన్ని వదిలించడానికే పోతుంది.

సమంగా ఉన్నచోట సెల్ఫ్ లెవలింగ్ ల్యాప్ సీలెంట్ (రూఫ్ అతుకులకు వాడే, దానంతటదే సర్దుకునే రకం) వాడాలి. ఇక్కడ ఎక్కువమంది డైకార్ బ్రాండు వాడతారు. స్క్రూ తలల చుట్టూ దానంతటదే పరుచుకుంటుంది. నిలువుగా ఉన్న అతుకుల మీద అది జారిపోతుంది, అక్కడికి నాన్ శాగ్ (జారనిది) అని రాసి ఉన్న రకం తీసుకోండి. వెంట్ అంచు కింద వేసే బ్యూటైల్ టేపే (మెత్తటి, జిగటైన రబ్బరు పట్టీ) అసలు రక్షణ. పైన పూసేది దానికి తోడు మాత్రమే. పాత ల్యాప్ సీలెంట్ గట్టిగా పట్టి ఉంటే పీకొద్దు. లేచిన ముక్కలు తీసి, తుడిచి, ఆరాక దాని మీదే కొత్తది వేయొచ్చు.

అపోహ: మరక ఎక్కడుంటే లీకు అక్కడే.

వాస్తవం: నీళ్లు లోపలి చెక్కల వెంట పాకి ఎక్కడో బయటపడతాయి. లోపలికి ఫ్యాన్‌తో గాలి ఎక్కించి, బయట అతుకుల మీద సబ్బునీళ్లు చల్లితే కన్నం ఉన్నచోట బుడగలొస్తాయి.

అపోహ: పైకప్పు మీది ఏసీ దగ్గర కారితే చుట్టూ సీలెంట్ పూయాలి.

వాస్తవం: పూయకండి. ఏసీ నుంచి వచ్చే నీళ్లు రూఫ్ మీదికి పోయే దారి మూసుకుపోతుంది. ఏసీ కూర్చునే 14 అంగుళాల భుజం ఉన్న చదరపు కన్నం చుట్టూ స్పాంజి గాస్కెట్ (నీళ్లు దిగకుండా ఆపే మెత్తటి పట్టీ) ఉంటుంది. లోపలి నుంచి నాలుగు బోల్టులూ సమానంగా బిగించి చూడండి. గాస్కెట్ పూర్తిగా అణిగిపోయి ఉంటే మార్చాల్సిందే.

అపోహ: రూఫంతా కోటింగ్ వేస్తే ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: అడుగు వేస్తే మెత్తగా దిగుతోందంటే కింద ప్లైవుడ్ కుళ్లింది. దాని మీద కోటింగ్ వేస్తే తడి లోపలే ఉండిపోతుంది. ముందు ప్లైవుడ్ మార్చాలి.

కడగడానికి మెత్తటి బ్రష్, అంట్లు తోమే సబ్బు చాలు. పెట్రోలియం, సిట్రస్ క్లీనర్లు ఈపీడీఎంను ఉబ్బిస్తాయి. ప్రెషర్ వాషరైతే సీలెంట్ అంచుల కిందికి నీళ్లు తోసేస్తుంది.